ప్లే నొక్కితే స్వరం తప్పుతోందా? తేడా ఎన్ని మెట్లో ముందు లెక్కపెట్టండి

నొటేషన్‌లో రాసింది ఒకటి, వినిపించేది ఇంకొకటి అయితే చాలామంది సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. పక్కన కీబోర్డ్ పెట్టుకుని, తెల్లవీ నల్లవీ కలిపి ఎన్ని మెట్ల తేడా ఉందో చూడండి. కారణం అక్కడే దొరుకుతుంది. కింద చెప్పిన మెనూ పేర్లు నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ 4లోవి.

ఒక్క వాద్యమే రెండు మెట్లు కిందకి పలుకుతోంది

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఒకసారి క్లారినెట్‌కీ వయొలిన్‌కీ మోహన ఆరోహణ ఒకేలా రాశాను: సి, డి, ఇ, జి, ఎ, సి. క్లారినెట్‌ని విడిగా వింటే చక్కటి మోహనమే. స్వరాలన్నీ సమానంగా కిందకి జరిగాయి కాబట్టి రాగం చెడలేదు, చెవి పట్టుకోలేదు. వయొలిన్ కలిపేసరికి షడ్జమం పలకాల్సిన చోట దానికి రెండు మెట్లు కిందుండే కైశికి నిషాదం వచ్చి కూర్చుంది.

కారణం: బి ఫ్లాట్ క్లారినెట్‌కి కాగితం మీద సి రాస్తే బి ఫ్లాట్ పలుకుతుంది. సాఫ్ట్‌వేర్ సరిగ్గానే వాయించింది. ఆల్టో సాక్సోఫోన్‌కైతే ఈ తేడా తొమ్మిది మెట్లు.

పరిష్కారం: కింద స్టేటస్ బార్‌లో 'కాన్సర్ట్ పిచ్' ఆన్ చేసి, వినిపించాల్సిన స్వరాలనే రాయండి. ప్రింట్ తీసేముందు ఆఫ్ చేస్తే సి ఉన్నచోట డి కనిపిస్తుంది. క్లారినెట్ వాయించేవారికి కావలసింది అదే. ఇప్పటికే రాసేసి ఉంటే ఆ నోట్స్‌ని రెండు మెట్లు పైకి జరపండి.

ఒక్క పని మాత్రం దయచేసి చేయకండి. 'స్టాఫ్/పార్ట్ ప్రాపర్టీస్'లో ట్రాన్స్‌పొజిషన్ (రాసిన స్వరానికీ పలికే స్వరానికీ ఉన్న తేడా) తీసేసి రాస్తే కంప్యూటర్‌లో బాగానే వినిపిస్తుంది. ఆ కాగితం చూసి మనిషి వాయిస్తే మళ్లీ రెండు మెట్లు కిందే. రిహార్సల్‌లో అందరి ముందూ టెన్షన్ పడేది పాపం ఆయనే.

సరిగ్గా ఒక స్థాయి (పన్నెండు మెట్లు) తేడా

గిటార్, డబుల్ బాస్ రాసినదానికంటే ఒక స్థాయి కిందే పలుకుతాయి, అది తప్పు కాదు. మిగతా వాద్యాలకైతే క్లెఫ్ (గీతల మొదట్లో ఉండే గుర్తు) దగ్గర చిన్న 8 అంకె ఉందేమో, ఒక స్థాయి పైకి వాయించమని చెప్పే 8వా గీత అవసరాన్ని మించి సాగిందేమో చూసి సరిచేయండి.

ఒక్క నోటే తప్పు

అదే బార్‌లో ముందు పెట్టిన షార్ప్, బార్ ముగిసేదాకా ఆ గీత మీద పనిచేస్తూనే ఉంటుంది. నేచురల్ గుర్తు పెడితే సరిపోతుంది.

మెట్టులో పిసరంత తేడా

పాత హార్మోనియంతో కలిపి వాయించినప్పుడు ఇది తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఎ స్వరం 440 హెర్ట్జ్. మీ వాద్యంలో అది 432 అయితే తేడా సుమారు 32 సెంట్లు, అంటే మెట్టులో మూడో వంతు. నోట్స్ అన్నీ ఎంచుకుని, 'ప్రాపర్టీస్'లో ప్లేబ్యాక్ కింద ఉన్న ట్యూనింగ్‌ని అంతమేర తగ్గించండి.

అన్నీ ఒకటిన్నర మెట్టు జరిగాయి, వేగమూ మారింది

ఇది నొటేషన్ తప్పు కాదు. శాంపుల్ రేట్ (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలిచారో ఆ లెక్క) 44,100 హెర్ట్జ్ ఉన్న ధ్వని 48,000 దగ్గర నడిస్తే సరిగ్గా ఇలాగే పైకి పోయి వేగం పెరుగుతుంది. అదే తారుమారైతే కిందకి జారి నెమ్మదిస్తుంది. కంప్యూటర్ సౌండ్ సెట్టింగ్స్‌లోనూ, బయట తగిలించిన ఆడియో పరికరంలోనూ శాంపుల్ రేట్ ఒకటే పెట్టి, సాఫ్ట్‌వేర్‌ని మూసి తెరవండి.