నిచ్నిత్స్య: పసిబిడ్డ ఉన్న ఇంట సాయంత్రం జాగ్రత్తలు

పాలు పట్టారు, గుడ్డ మార్చారు, అయినా నడిరాత్రి దాటేదాకా బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. ఇలాంటి రాత్రులకు కారణం నిచ్నిత్స్య అని ఉక్రెయిన్ పల్లెల్లో అనేవారు. చీకట్లో వచ్చి పసివాళ్ల నిద్ర ఎత్తుకుపోయే ఆడ శక్తి అది. చాలామంది కలిసి వస్తారనీ చెబుతారు. ఇంకా బాప్టిజం ఇవ్వని బిడ్డకు ముప్పు ఎక్కువని నమ్మకం.

అసలు జాగ్రత్తంతా పొద్దు గూకకముందే. బిడ్డ గుడ్డలు దండెం మీద ఉంటే వెలుతురుండగానే లోపలికి తెచ్చుకోవాలి. మరిచిపోయి రాత్రంతా బయట వదిలేస్తే వాటిని పట్టుకుని నిచ్నిత్స్య బిడ్డ దాకా వస్తుందంటారు. స్నానం చేయించిన నీళ్లు చీకటి పడ్డాక బయట పారబోయకూడదు. పగలైనా నలుగురూ తొక్కే చోట వద్దు, చెట్టు మొదట్లో పోయాలి.

ఖాళీ ఉయ్యాల ఊపకూడదన్నది మన ఇళ్లలోనూ వినే మాటే. అక్కడి పాత ఇళ్లలో ఉయ్యాలను పైకప్పు దూలానికి తాళ్లతో వేలాడదీసేవారు. అటూ ఇటూ తిరిగేవాళ్ల భుజం తగిలితే చాలు, ఊగుతుంది. అందుకే పిల్లల్ని మరీ మరీ వారించేవారు.

ఇన్ని చేసినా ఏడుపు ఆగకపోతే కోళ్ల దగ్గరికి వెళ్లేవారు. ఇది నాకు చాలా ఇష్టమైన ఆచారం. మునిమాపు వేళ బిడ్డను ఎత్తుకుని, కోళ్లు వరసగా ముడుచుకుని కూర్చున్న దండె దగ్గర నిలబడి, 'ఈ నిచ్నిత్స్యలను మీరు తీసుకోండి, మా బిడ్డకు నిద్ర ఇవ్వండి' అనే అర్థం వచ్చే మాటలు మూడుసార్లు చెబుతారు. చీకటి పడగానే నిద్రపోయే ప్రాణులనే నిద్ర అడగడం ఎంత ముచ్చటగా ఉంది! ఇప్పుడు చేసేవాళ్లు మాత్రం ఆ మాటలేవో గూడు బయటే చెప్పండి. కోళ్ల నుంచి పసివాళ్లకు సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకే ప్రమాదం ఉంది.

ఇవేవీ గాలిమాటలుగా పోలేదు. చిహిరిన్ దగ్గర సుబోతివ్ ఊళ్లో చర్చి పూజారిగా ఉన్న మార్కో హ్రుషెవ్‌స్కీ పసిపిల్లల చుట్టూ ఉన్న ఆచారాలను పోగుచేశాడు. 1906, 1907లలో అవి ల్వివ్ నగరంలో అచ్చయ్యాయి.

రెండు పద్ధతులు మాత్రం పూర్తిగా మానాలి. ఒకటి, ఉయ్యాల్లో ఇనుము పెట్టడం. కత్తే కాదు, దిండు, మూలికల మూట కూడా బిడ్డ పక్కన ఉండకూడదు. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. రెండోది ఇంకా ప్రమాదం: నిద్ర పట్టడానికి గసగసాల కాయలు ఉడికించిన నీళ్లు తాగించడం. ఇది ఉక్రెయిన్‌లో ఎన్నో ఇళ్లలో జరిగిన పనే. ఆ కాయలో మార్ఫిన్ అనే మత్తుమందు ఉంటుంది, పసిబిడ్డ ఊపిరి ఆగిపోవచ్చు. ఎంత పెద్దావిడ చెప్పినా వినకండి.

మొదటి మూడు నెలల్లో సాయంత్రం ఏడుపు మామూలే, ఆరో వారం దగ్గర ఎక్కువవుతుంది. కానీ ఆ వయసులో 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం ఉన్నా, పాలు తాగకపోయినా, మూలుగుతూ నీరసంగా ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఏడుపు విని మీకే టెన్షన్ పెరిగిపోతే బిడ్డను ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి, కాసేపు పక్క గదిలోకి వెళ్లండి, ఇంట్లో ఇంకొకరిని లేపండి. ఎట్టి పరిస్థితుల్లోనూ బిడ్డను పట్టుకుని కుదపకండి.