మూడోది ఎక్కడ? మ్యాజిక్ కార్డులు చదివి కథను ముందే ఊహించడం ఎలా

2016 మార్చిలో ఒక రాత్రి డాలస్ దగ్గర మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని, వరంగల్‌లో ఉన్న తమ్ముడికి వాట్సాప్ కాల్‌లో జెండికార్ అనే కల్పిత లోకం కథ చెబుతున్నాను. వాడు అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. మ్యాజిక్: ద గాదరింగ్ అనే కార్డుల ఆటలో కార్డు ఒక్కటి కూడా చేత్తో పట్టుకుని ఎరగడు, కానీ కథ అంటే నిద్ర మానుకుని వింటాడు. "ఎల్డ్రాజీలని లోకాలను మింగేసే మహాకాయాలు మూడున్నాయిరా. ఉలమాగ్, కొజిలెక్, ఎమ్రకూల్. వేల ఏళ్ల కిందట మూడింటినీ జెండికార్‌లో బంధించారు, తర్వాత తప్పించుకున్నాయి. ఇప్పుడు ఉలమాగ్‌నీ కొజిలెక్‌నీ కాల్చి బూడిద చేశారు. అయిపోయింది" అన్నాను.

"మరి మూడోది ఎక్కడక్కా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అధికారిక కథలన్నీ మళ్లీ తిరగేశాను. ఆ యుద్ధం మొత్తంలో ఎమ్రకూల్ ఒక్కసారి కూడా కనిపించదు. అంత పెద్ద జీవిని రచయితలు మర్చిపోరు. కనిపించలేదంటే ఎక్కడో దాచారన్నమాట. నాలుగు నెలల తర్వాత, జులైలో వచ్చిన ‘ఎల్డ్రిచ్ మూన్’ సెట్‌లో (ఒక్కసారిగా విడుదలయ్యే కొత్త కార్డుల సంపుటిని సెట్ అంటారు) అది ఇన్నిస్ట్రాడ్ అనే వేరే లోకం మీద దిగింది. అప్పటి నుంచి ప్రతి సెట్‌కీ నోట్‌బుక్ రాస్తున్నాను. ఆ పద్ధతి ఇక్కడ చెబుతాను.

ఆట కొత్తవాళ్లకు రెండు మాటలు. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన ఈ ఆటను విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ప్రచురిస్తుంది. ఏడాదికి కొన్ని సెట్లు వస్తాయి. కథ నడిచే సెట్లలో చాలావరకు ఒక్కో సెట్ ఒక్కో లోకంలో జరుగుతుంది. లోకం నుంచి లోకానికి వెళ్లగలిగే వాళ్లు ప్లేన్స్‌వాకర్లు. సెట్ అమ్మకానికి రాకముందే కార్డులను కొన్ని రోజుల పాటు విడతలుగా చూపిస్తారు (ఇవే ప్రివ్యూలు), కథను అధ్యాయాలుగా వాళ్ల సైట్‌లో ఉచితంగా పెడతారు. కథ పూర్తిగా బయటపడేలోపు మన చేతిలో ఉండేవి కార్డులే. వాటిని సరిగా చదవడం వస్తే చాలు.

నోట్‌బుక్ ఎలా రాయాలి

ఎడమ పేజీలో కార్డు మీద కంటికి కనిపించేది మాత్రమే రాయండి. పేరు, మనా ఖర్చు (కార్డు ఆడటానికి చెల్లించాల్సిన శక్తి), రంగు, బొమ్మలో ఉన్నది, రూల్ చెప్పేది, ఫ్లేవర్ టెక్స్ట్ (కథ చెప్పే వాలు అక్షరాల మాటలు). కుడి పేజీలో మీ ఊహ, తేదీ, ఏం జరిగితే ఈ ఊహ తప్పని ఒప్పుకోవాలో ఒక వాక్యం. ఈ మూడోది రాయకపోతే ఊహ ఎప్పటికీ తప్పవదు, తప్పవ్వని ఊహ వల్ల మనకు నేర్చుకునేదేమీ ఉండదు. "బోలస్ ఏదో కుట్ర చేస్తున్నాడు" అనేది ఊహే కాదు, ఈ కథల్లో పాత విలన్ అయిన అతను ఎప్పుడూ చేస్తూనే ఉంటాడు. "వచ్చే సెట్‌లో ఇన్నిస్ట్రాడ్ దేవదూతల పిచ్చికి కారణం ఎల్డ్రాజీ అని తేలుతుంది, వేరే కారణం చూపిస్తే నేను ఓడినట్టు" అనేది ఊహ.

కొత్త సెట్ ప్రివ్యూలు మొదలవగానే ముందు చేయాల్సిన పని లెక్కపెట్టడం. పాత కథలో జట్టుగా ఉన్నవాళ్లలో ఎవరు చనిపోయారు, ఎవరు బందీలయ్యారు, ఎవరి సంగతి తేలలేదు? మా తమ్ముడి ప్రశ్న ఇదే. ఆ ప్రశ్నకు జవాబు దొరకని పేర్లన్నీ ఒక జాబితాగా రాసి, ప్రతి కొత్త కార్డునీ ఆ జాబితా పక్కన పెట్టి చూడండి.

రూల్ కూడా కథే

చాలామంది కథ కోసం బొమ్మ కిందుండే వాలు అక్షరాల మాటలు మాత్రమే చదువుతారు. నా అనుభవంలో ఎక్కువ కథ ఉండేది రూల్స్ పెట్టెలో. దీనికి నేను ఎప్పుడూ చూపించే కార్డు ‘నాహిరి, ద హార్బింజర్’. 2016 ఏప్రిల్ మొదటి వారాంతంలో ‘షాడోస్ ఓవర్ ఇన్నిస్ట్రాడ్’ ప్రీరిలీజ్‌కి (సెట్ విడుదలకు ముందు జరిగే ఆటల కార్యక్రమానికి) వెళ్తే నా ప్యాక్‌లోనే వచ్చింది. ఆ కార్డును టేబుల్ మీద పెట్టి, డెక్ (ఆడటానికి వాడే కార్డుల కట్ట) కట్టుకోవడానికి ఇచ్చిన సమయంలో సగం దాన్ని చూడటానికే వాడాను.

ముందు పేరు. హార్బింజర్ అంటే రాబోయేదాన్ని ముందుగా చాటేవాడు. ఎవరి రాకను చాటుతోంది? తర్వాత రంగు. 2014 కమాండర్ సెట్‌లో వచ్చిన నాహిరి కార్డు పూర్తిగా తెలుపు. ఈ ఆటలో తెలుపంటే క్రమం, కట్టుబాటు, రక్షణ. కొత్త కార్డులో తెలుపు పక్కన ఎరుపు చేరింది. ఎరుపంటే ఆవేశం, కోపం. రెండేళ్లలో ఈమెకు కోపం తెప్పించింది ఏంటి? ఆ జవాబు పాత కథలో ఉంది. ఎల్డ్రాజీలను బంధించిన ముగ్గురిలో ఆమె ఒకరు, మిగతా ఇద్దరు సోరిన్, ఉగిన్ అనే ప్లేన్స్‌వాకర్లు. సాయం అడగడానికి సోరిన్ సొంత లోకమైన ఇన్నిస్ట్రాడ్‌కి వెళ్తే, అతను ఆమెనే హెల్‌వాల్ట్ అనే వెండి చెరలో పడేశాడు. 2012లో వచ్చిన ‘అవాసిన్ రిస్టోర్డ్’ కథలో ఆ చెర పగిలింది. అంటే ఆమె బయట ఉంది, కోపంతో ఉంది, ఇప్పుడు సోరిన్ ఇంట్లో ఉంది.

ఇక రూల్. నాహిరి రెండు లాయల్టీతో (ప్లేన్స్‌వాకర్ కార్డుకు ఉండే బలం లెక్క) దిగుతుంది. టర్న్‌కి రెండు చొప్పున మూడుసార్లు పెంచితే ఎనిమిది. నాలుగో టర్న్‌లో ఆ ఎనిమిదీ ఖర్చుపెడితే మీ డెక్ మొత్తం వెతికి, మీకు నచ్చిన ఒక జీవినో ఆర్టిఫ్యాక్ట్‌నో (వస్తువు కార్డునో) నేరుగా ఆటలోకి తెచ్చుకోవచ్చు. అది వచ్చిన వెంటనే దాడి చేస్తుంది. ఇప్పుడు దీన్నే కథగా చదవండి. ఓపిగ్గా ఎదురుచూసి, ఉన్న బలమంతా ఒక్కసారి ధారపోసి, ఎక్కడో ఉన్న ఒక మహాజీవిని ఇక్కడికి రప్పిస్తుంది. కథలో ఆమె చేసింది సరిగ్గా అదే. సోరిన్ మీద పగతో ఎమ్రకూల్‌ని అతని లోకం మీదికి రప్పించింది. ఆ కార్డుతో డెక్‌లోంచి పాత ఎమ్రకూల్‌నే లాగి గెలిచే డెక్‌లు టోర్నమెంట్లలో కూడా తిరిగాయి.

ఆ సెట్‌లోనే ‘ఇన్వెస్టిగేట్’ అనే మెకానిక్ (పలు కార్డుల్లో కనిపించే ఆట పద్ధతి) ఉంది. క్లూ అనే టోకెన్ వస్తుంది, రెండు మనా ఇచ్చి దాన్ని వదులుకుంటే ఒక కార్డు తీసుకోవచ్చు. ఆటే మనల్ని ఆధారాలు వెతకమంటోంది. అందుకే ప్రతి కొత్త మెకానిక్‌నీ ఒక క్రియాపదంగా రాసుకోండి. ఈ లోకంలో అందరూ చేస్తున్న పని ఏంటి? వెతకడమా, దాచుకోవడమా, రూపం మారడమా?

బొమ్మల విషయంలో ఒక్కటే సూత్రం: ఒకే ఆకారం సంబంధం లేని మూడు కార్డుల్లో కనిపిస్తే ఆగండి. ఇన్నిస్ట్రాడ్ పొలాల్లో మెలితిరిగిన రాళ్లు కనిపించాయి, వాటి పేరు క్రిప్టోలిత్‌లు. రాళ్లను మలచడమే నాహిరి విద్య, జెండికార్‌లో ఎల్డ్రాజీలను బంధించిన రాతి హెడ్రాన్లు చేసింది కూడా ఆమే. 2017లో ‘అమోంఖెట్’ వచ్చినప్పుడు కట్టడాల్లో, విగ్రహాల్లో ఎక్కడ చూసినా వంపు తిరిగిన జంట కొమ్ములే. రెండో సూర్యుడు ఆ కొమ్ముల మధ్యకు చేరినప్పుడు దేవ ఫారో తిరిగి వస్తాడని అక్కడి జనం నమ్మకం. ఆ కొమ్ములు నికోల్ బోలస్ అనే డ్రాగన్ తలవి. ఆ దేవుడే శత్రువని బొమ్మలు దాచకుండా చెప్పాయి.

నంబర్ల లెక్క

కార్డు అడుగున చిన్న అక్షరాల్లో కలెక్టర్ నంబర్ ఉంటుంది. సాధారణంగా ముందు తెలుపు, తర్వాత నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, ఆ తర్వాత బహురంగు కార్డులు, ఆర్టిఫ్యాక్టులు, ల్యాండ్‌లు. ఒక్కో రంగులో ఇంగ్లీషు అక్షరక్రమం. కాబట్టి ప్రివ్యూల సమయంలో రెండు కార్డుల మధ్య ఖాళీ నంబర్ ఉంటే, ఇంకా చూపించని కార్డు ఏ రంగుదో, ఏ అక్షరాల మధ్య ఉంటుందో తెలిసిపోతుంది. రంగులేని, ఆర్టిఫ్యాక్ట్ కాని కార్డులుంటే అవి అన్నిటికంటే ముందుంటాయి. ‘ఎల్డ్రిచ్ మూన్’లో తెలుపు 13వ నంబర్‌తో మొదలవుతుంది. మొదటి పన్నెండూ రంగులేని కార్డులే, ఎమ్రకూల్‌ది 6వ నంబర్. ఒక గీతల కాగితం మీద ఒకటి నుంచి నంబర్లు వేసుకుని, రోజూ బయటికొచ్చిన కార్డులు నింపుకుంటూ పోండి. అరగంట కూడా పట్టదు.

ఒకటి సంఘటన, రెండు దారి

ఫిరెక్సియన్లు అనే శత్రుజాతికి ఐదుగురు ప్రీటర్లు, అంటే నాయకులు, రంగుకొకరు. 2021 ఫిబ్రవరిలో ‘కాల్డ్‌హైమ్’ అనే మంచు లోకంలో ఏ సంబంధం లేకుండా వొరింక్లెక్స్ కనిపించాడు. ఊహలు గుప్పుమన్నాయి. నేను ఎడమ పేజీలో ఒక్క వాక్యం రాసి ఆగాను, ఎందుకంటే ఒక్కసారి జరిగింది ఏదైనా కావచ్చు. ఏడాదికి, 2022 ఫిబ్రవరిలో, ‘కమిగావా’లో జిన్-గిటాక్సియస్ వచ్చాడు. అప్పుడు కుడి పేజీ తెరిచి, ఇక ముందు కథ నడిచే సెట్లలో మిగతా ముగ్గురూ ఒక్కొక్కరుగా వస్తారని, తెల్ల ప్రీటర్ ఎలెష్ నార్న్ చివర వస్తుందని రాశాను. ఏప్రిల్‌లో ఉరబ్రాస్క్, సెప్టెంబర్‌లో షియోల్‌డ్రెడ్, 2023 ఫిబ్రవరిలో నార్న్. ఆ ఏడాదంతా ప్రతి ప్రివ్యూ వారంలో నాకు పరీక్షల ముందు ఉండేంత టెన్షన్. తమ్ముడు రోజూ మెసేజ్ పెట్టేవాడు: "అక్కా, ఈరోజు ఎవరు?"

అదే వరసలో ఇంకో పాఠం ఉంది. పాత కథ పెట్టిన కట్టుబాట్లు కూడా రాసుకోవాలి. లోకాల మధ్య తెజరెట్ అనే ప్లేన్స్‌వాకర్ నడిపే ప్లానార్ బ్రిడ్జ్ అనే దారిలోంచి ప్రాణమున్న మాంసం బతికి దాటలేదు. మరి వొరింక్లెక్స్ ఎలా వచ్చాడు? ఈ ప్రశ్న పట్టుకున్నవాళ్లకే, మాంసం కాలిపోగా మిగిలింది చేరి అక్కడి జీవాలతో ఒళ్లు తిరిగి కట్టుకున్నాడని చదివినప్పుడు గుండె ఝల్లుమంది.

నేను తప్పిన చోటు

2018 ‘డొమినేరియా’లో బ్లాక్‌బ్లేడ్ అనే కత్తి గిడియన్ అనే ప్లేన్స్‌వాకర్ చేతికొచ్చింది. పూర్వం ఒక ఎల్డర్ డ్రాగన్‌ని (పురాతన డ్రాగన్‌ని) చంపిన కత్తి అది. బోలస్ కూడా ఎల్డర్ డ్రాగనే. "బోలస్ ఈ కత్తికే చస్తాడు" అని రాశాను, అదీ ఎడమ పేజీలో, జరిగిపోయిన విషయంలా. గిడియన్ అంటే నాకు ఉన్న ఇష్టం నాచేత రాయించిన మాట అది. 2019లో ‘వార్ ఆఫ్ ద స్పార్క్’ ప్రివ్యూల్లో ‘గిడియన్స్ శాక్రిఫైస్’ అనే కార్డు వచ్చింది. ఒక్క తెల్ల మనా. మీకు, మీ వాళ్లకు తగలాల్సిన దెబ్బలన్నీ ఒక్కరి మీదికి మళ్లించే రూల్. సామాన్యంగా దొరికే చిన్న కార్డు కదా అని దాటేశాను. కథలో కత్తి బోలస్ మీద ముక్కలైంది. తోటి ప్లేన్స్‌వాకర్ లిలియానా మీద పడాల్సిన శాపాన్ని తన మీదికి తీసుకుని గిడియన్ చనిపోయాడు. బోలస్ చావలేదు, ఉగిన్ కాపలాలో బందీ అయ్యాడు. కార్డు పేరులోనే అంతా ఉంది. అప్పటి నుంచి అరుదైన కార్డులకు ఇచ్చినంత శ్రద్ధ సామాన్య కార్డులకీ ఇస్తున్నాను. ఇష్టమైన పాత్ర గురించి రాసేటప్పుడు మాత్రం తమ్ముడికి చూపించాకే పేజీ తిప్పుతాను.

లీకైన బొమ్మల గురించి క్లుప్తంగా. నంబర్ వరసకు సరిపడని కార్డు, చిత్రకారుడి పేరు లేని కార్డు, రూల్ వాక్యం ఆటలో మామూలుగా రాసే తీరులో లేని కార్డు, ఈ మూడింటినీ నోట్‌బుక్‌లోకి రానివ్వకండి. నిజమైనదే అయినా, కథ చదవని మిత్రుల ముందు బయటపెట్టకండి. వాళ్ల ఆనందం వాళ్లది.

మన భాష తెలిసినవాళ్లకు ఒక చోట అదనంగా వినిపిస్తుంది. చంద్ర నలార్ అనే ప్లేన్స్‌వాకర్ పుట్టిన కలదేశ్ లోకాన్ని భారతీయ ఛాయలతో 2016లో పూర్తి సెట్‌గా చూపించారు. 2025 ‘ఈథర్‌డ్రిఫ్ట్’లో ఆ లోకం పేరు అవిష్కార్‌గా మారింది. ఆవిష్కరణ అనే మాట మనకు బడిలోనే తెలుసు కాబట్టి, యంత్రాలు కనిపెట్టేవాళ్ల ఆ లోకం తన పేరు తానే పెట్టుకుందని నాకు వెంటనే తట్టింది. అయితే పేరు తెలుసు కదా అని కథ తెలిసినట్టు కాదు. అది కుడి పేజీకే వెళ్లింది.

ఇక ఎమ్రకూల్. 2016లో తమియో అనే ప్లేన్స్‌వాకర్ మంత్రపు చుట్టతో దాన్ని ఇన్నిస్ట్రాడ్ చంద్రుడిలో బంధించారు, అది తనంతట తానే ఒప్పుకున్నట్టుగా. 2021లో అదే లోకంలో రెండు సెట్లు నడిచినా బయటికి రాలేదు. 2024లో ‘మోడర్న్ హరైజన్స్ 3’లో కొత్త ఎమ్రకూల్ కార్డు చూసి తమ్ముడు అర్ధరాత్రి ఫోన్ చేశాడు. ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, ఈ ఆట ఆన్‌లైన్ రూపమైన అరీనాలో ఆడుతున్నాడు. "అక్కా, వచ్చేసింది!" ఆ సెట్ ప్రధాన కథలో భాగం కాదు కాబట్టి ఎడమ పేజీలో రాయడానికి నేను ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించాడు. చివరికి కుడి పేజీలో తన ఊహ రాయమన్నాడు, రాశాను: "చంద్రుడిని బయటివాళ్లెవరూ పగలగొట్టరు. అదే తలుపు తీసుకుని వస్తుంది. ఎవరైనా పగలగొడితే నేను ఓడినట్టు."