క్యాప్సూల్‌తో బుల్లి రెసిన్ సీసాలు – పాఠం 2: బాడీ పోయడం

పోయిన పాఠంలో సామాను, గ్లవ్స్, గాలి ఆడే చోటు గురించి మాట్లాడుకున్నాం కదా, అవన్నీ రెడీ అనుకుని ఇవాళ నేరుగా పోతలోకి దిగుదాం. ఖాళీ మందు క్యాప్సూల్‌ని అచ్చుగా పెట్టుకుని, అందులో యూవీ రెసిన్ (యూవీ లైట్ తగిలితే గట్టిపడే ద్రవం) పోసి, డాల్‌హౌస్‌లోకి బుల్లి సీసా బాడీ తీయడమే పని. ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, క్యాప్సూల్ గుండ్రటి కొన సీసాకి అడుగు కాదు, భుజం. తెరిచి ఉన్న కొనే అడుగు. ఇది ఉల్టా చేస్తే గుండ్రటి అడుగు నిలబడక దాన్ని అరగదీస్తూ కూర్చోవాలి, పైన భుజం లేక సీసా కాస్తా గ్లాసులా కనబడుతుంది.

క్యాప్సూల్ కొత్తదై ఉండాలి, రంగు ఉండకూడదు. మందు దులిపేసినవి వద్దు, పొడి లోపలి గోడకి అంటుకునే ఉంటుంది, రెసిన్ మసగ్గా వస్తుంది. రంగువాటిల్లో చాలావాటికి టైటానియం డయాక్సైడ్ కలుపుతారు, అది యూవీ లైట్‌ని లోపలికి పోనివ్వదు. సైజు నంబర్ పెరిగేకొద్దీ క్యాప్సూల్ చిన్నదవుతుంది, 000 పెద్దది, 5 బుల్లిది. పోయడానికి వీలని అందరూ 00 కొంటారు గానీ నా మాట వినండి, 1:12 డాల్‌హౌస్ స్కేల్‌కి (అంటే అసలు వస్తువులో పన్నెండో వంతు సైజుకి) అది మరీ లావు. 1 నంబర్ తీసుకోండి, మూత తీసేస్తే బాడీ సుమారు 16.5 మిల్లీమీటర్ల పొడవు, ఆరున్నర అడ్డం, పన్నెండుతో గుణిస్తే 20 సెంటీమీటర్లు, 8 సెంటీమీటర్లు, అంటే అచ్చం వైన్ బాటిల్ భుజం దాకా ఉండే కొలత.

గుండ్రటి కొనని కొంచెం క్లేలో గుచ్చి నిలబెట్టండి. వేళ్లతో నొక్కొద్దు, చిన్న సొట్ట పడినా అది సీసా మీద అలాగే అచ్చు పడుతుంది. రెసిన్‌ని టూత్‌పిక్ మీదుగా గోడ వెంట జారనివ్వండి, రెండు మూడు మిల్లీమీటర్లు పోసి, సూదితో బుడగలు తీసి, లైట్ పెట్టి, గట్టిపడ్డాక మళ్లీ పోయండి. ఒకేసారి నింపేస్తే వేడెక్కి పగుళ్లొస్తాయి, లోపల పచ్చిగా ఉండిపోతుంది. ముదురు గోధుమ రంగు కలిపితే లేయర్ ఇంకా పల్చగా ఉండాలి, ఆ రంగే యూవీని మింగేస్తుంది. చివర్లో క్లేలోంచి తీసి భుజం వైపు కూడా లైట్ చూపించండి. తెరిచి ఉన్న వైపు జిగురుగా అనిపిస్తే కంగారొద్దు, గాలి తగిలిన చోట యూవీ రెసిన్ అలాగే ఉంటుంది, ఎలాగూ అది అడుగే, అరగదీసేస్తాం.

ఇక నాకు బాగా ఇష్టమైన పని, తొక్క తీయడం. జెలటిన్ క్యాప్సూల్ అయితే గోరువెచ్చని నీళ్లలో వేయండి, చల్లనీళ్లలో అది ఉబ్బుతుందే తప్ప కరగదు. కాసేపటికి వేలితో రుద్దితే పాము కుబుసం విడిచినట్టు జారిపోయి లోపలినుంచి నున్నటి బాడీ బయటకొస్తుంది, చూడ్డానికి భలే ఉంటుంది. వెజ్ క్యాప్సూల్ అయితే మాత్రం రివర్స్, అందులో ఉండే హెచ్‌పీఎంసీ (జెలటిన్ బదులు వాడే మొక్కల పీచు పదార్థం) చల్లనీళ్లలోనే కరుగుతుంది, వేణ్నీళ్లలో కరగదు, అందుకని ప్యాకెట్ మీద ఏం రాశారో ముందే చూసుకోండి. నీళ్లలోంచి తీశాక ఎక్కడైనా జారుడుగా ఉంటే జెలటిన్ ఇంకా మిగిలినట్టే, నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టండి, లేకపోతే మెడ అతకదు.

ఆరాక అడుగుని తడి సాండ్‌పేపర్ మీద నిటారుగా పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ అరగదీయండి, ముందు 400 నంబర్ గరుకు పేపర్, తర్వాత 1000 నంబర్ నున్నటిది. పొడిగా మాత్రం రుద్దొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

వచ్చే పాఠంలో మెడ, మూతి. ఈలోపు నాలుగైదు బాడీలు పోసి పెట్టుకోండి, మెడ అతికేటప్పుడు ఒకటీ అరా వంకరపోతాయి.