సర్వర్‌లో ఎల్‌వీఎం, 4వ పాఠం: ప్లస్ గుర్తు ఎక్కడ పోయింది?

ఎల్‌వీఎం అంటే లినక్స్‌లో డిస్కుల జాగానంతా ఒక గ్రూపుగా కలిపి, అందులోంచి కావాల్సినంత ముక్కలు (ఎల్‌వీలు) కోసుకునే ఏర్పాటు. పోయిన పాఠంలో ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌తో ఎల్‌వీని పెంచాక అందరూ ఒకే ప్రశ్న అడిగారు. "ఎల్‌వీఎస్ కొడితే 250 జీబీ చూపిస్తోంది, డీఎఫ్ మైనస్ హెచ్ కొడితే 200 దగ్గరే ఉంది, ఏంది సార్ ఇది?" చీమకుర్తిలో గ్రానైట్ యార్డు కెమెరాల సర్వర్ చూసే తమ్ముడైతే రెండుసార్లు రీబూట్ కూడా చేశాడట. రీబూట్‌కీ దీనికీ సంబంధం లేదు.

ఎల్‌వీఎస్ చూపించేది ఎల్‌వీ సైజు, డీఎఫ్ చూపించేది దాని మీదున్న ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) సైజు. ఎల్‌వీ పెరిగింది, ఫైల్‌సిస్టమ్‌కి ఆ సంగతి ఇంకా తెలియదు. ఈఎక్స్‌టీ4 అయితే రీసైజ్2ఎఫ్‌ఎస్ కొట్టి ఎల్‌వీ పేరు ఇవ్వండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ అండర్‌స్కోర్ గ్రోఎఫ్‌ఎస్ కొట్టి, మౌంట్ చేసిన ఫోల్డర్ ఇవ్వండి. రెంటికీ అన్‌మౌంట్ అక్కర్లేదు, కెమెరాలు నడుస్తుండగానే చేయొచ్చు. నేనైతే ఎల్‌వీఎక్స్‌టెండ్ పక్కనే మైనస్ చిన్న ఆర్ పెట్టేస్తాను, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. 200 జీబీ ఎల్‌వీకి ఇంకో 50 కలపాలి. మైనస్ పెద్ద ఎల్, ప్లస్ 50జీ అంటే 250 అవుతుంది. ప్లస్ లేకుండా 50జీ అంటే "మొత్తం 50 చెయ్" అని అర్థం. ఎల్‌వీఎక్స్‌టెండ్ అయితే ఉన్నదానికంటే తక్కువ చెప్పావని కుదరదంటుంది, బతికిపోతాం. అదే ఎల్‌వీరీసైజ్ అయితే పెంచుతుంది, తగ్గిస్తుంది కూడా. డేటా పోవచ్చని హెచ్చరించి వై ఆర్ ఎన్ అడుగుతుంది. మనవాళ్లు చదవకుండా వై కొట్టేస్తారు. ఇంకా ఘనులు ముందే మైనస్ వై పెట్టి, అడిగే అవకాశం కూడా ఇవ్వరు! కొత్త వెర్షన్లు ఫైల్‌సిస్టమ్ సైజు చూసి ఆపుతాయి గానీ, మన ఊళ్లలో మూలన నడిచే పాత సర్వర్లలో ఆ కాపలా ఉండదు. అందుకే ఎల్‌వీరీసైజ్ అనే కమాండ్ ఉందన్న సంగతే మర్చిపోండి.

చిన్న ఎల్ గొడవ వేరే. మైనస్ చిన్న ఎల్ ప్లస్ 50 అంటే 50 ఎక్స్‌టెంట్లు (ఎల్‌వీఎం జాగాని కొలిచే చిన్న ముక్కలు). మామూలుగా ఒక్కోటి 4 ఎంబీ, అంటే పెరిగేది 200 ఎంబీ. "పెంచినా పెరగలేదు" అన్న కందుకూరు స్టూడియో ఆయన కథ ఇదే. చిన్న ఎల్‌తో ప్లస్ 100 పర్సెంట్ ఫ్రీ అని కూడా ఇవ్వొచ్చు. నేను ఇవ్వను. గ్రూపులో పదో వంతైనా ఖాళీ ఉంచుతాను, స్నాప్‌షాట్ (ఎల్‌వీ ఆ క్షణంలో ఎలా ఉందో ఆ నకలు) తీయాలంటే అదే కావాలి.

పొరపాటున తగ్గించేశారా? ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ రిపేరు కమాండ్) జోలికి పోకుండా వెంటనే అన్‌మౌంట్ చేయండి. మారింది ఎల్‌వీఎం రాసుకున్న లెక్క, డేటా చాలావరకు డిస్క్ మీదే ఉంటుంది. పాత లెక్కల కాపీలు ఈటీసీలోని ఎల్‌వీఎం ఫోల్డర్‌లో ఆర్కైవ్ కింద ఉంటాయి. వీజీసీఎఫ్‌జీరిస్టోర్‌కి మైనస్ మైనస్ లిస్ట్ ఇస్తే ఏది ఏ కమాండ్‌కి ముందుదో చూపిస్తుంది. ఎల్‌వీఛేంజ్ మైనస్ ఏఎన్‌తో ఎల్‌వీని ఆపి, తగ్గించక ముందుదాన్ని వీజీసీఎఫ్‌జీరిస్టోర్ మైనస్ ఎఫ్‌తో తిరిగి ఎక్కించి, ఎల్‌వీఛేంజ్ మైనస్ ఏవైతో మళ్లీ లేపండి. ఈలోపు ఆ గ్రూపులో కొత్త ఎల్‌వీ చేస్తే మాత్రం పాత డేటా మీద కొత్తది పడిపోతుంది.

అభ్యాసం: అసలు డిస్కులు ముట్టుకోవద్దు. ట్రంకేట్‌తో 1 జీబీ ఫైళ్లు రెండు చేసి, లోసెటప్‌తో డిస్కులుగా చూపించి, వాటి మీద గ్రూపు, 1500 ఎంబీ ఎల్‌వీ, ఈఎక్స్‌టీ4 పెట్టండి. దాన్ని ఫొటోలతో నింపి, ఒక్కో ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ256సమ్ (ఫైలు వేలిముద్రలాంటి నంబరు) రాసి పెట్టుకోండి. అన్‌మౌంట్ చేసి, ఎల్‌వీరెడ్యూస్‌తో కావాలనే 500 ఎంబీకి కోసేయండి. కొత్త వెర్షన్ మొరాయిస్తే మైనస్ మైనస్ ఎఫ్‌ఎస్ ఇగ్నోర్ ఇవ్వండి. మౌంట్ చేయబోతే ఒప్పుకోదు, డీఎంఈఎస్‌జీలో (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) బ్యాడ్ జామెట్రీ అని కనిపిస్తుంది. పైన చెప్పిన దారిలో వెనక్కి తెచ్చి సమ్‌లు పోల్చండి. అన్నీ కలిశాకే 5వ పాఠానికి రండి, అందులో స్నాప్‌షాట్‌లు.