ఐ-94 మీద తేదీ ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూసుకోండి

అమెరికాలో దిగిన మొదటి వారమంతా సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు, ఇంటి వేట, వీటితోనే సరిపోతుంది. వీటన్నిటికంటే ముందు పది నిమిషాలు కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది: మనం ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డు చూసుకోవడం. అది చేయక నేను పడ్డ కంగారు ముందు చెప్తాను.

మా ఆయనది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4. ఒకసారి ఇండియా వెళ్లి తిరిగొచ్చాం. ఆయన అప్రూవల్ నోటీసు మీద ఇంకా రెండేళ్ల పైచిలుకు ఉంది, నా వీసా స్టాంపింగ్ కూడా అప్పటిదాకానే. నాలుగున్నర నెలల తర్వాత డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్తే, కౌంటర్‌లో ఆవిడ "మీకు ఇంకా పందొమ్మిది రోజులే ఉంది" అంది. రెండేళ్లుందండీ అని వీసా పేజీ తీసి చూపించాను. ఆవిడ ఏమీ అనకుండా స్క్రీన్ నావైపు తిప్పింది. నా పాస్‌పోర్టు ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో, సరిగ్గా ఆ రోజుకే నా ఐ-94 కూడా అయిపోతోంది. ఎయిర్‌పోర్టులో అంతవరకే ఇచ్చారు. నేను చూసుకోలేదు. పక్క కుర్చీలో పాప నిద్రపోతోంది, నాకు కాళ్లలో సత్తువ పోయింది.

వీసా ఉన్నదెందుకంటే, ఎయిర్‌పోర్టు దాకా వచ్చి లోపలికి రానివ్వమని అడగడానికి. ఎన్నాళ్లుండొచ్చో తేల్చేది ఇమిగ్రేషన్ ఆఫీసర్. ఆయన రాసే రికార్డే ఐ-94. లోపల ఉండగా వీసా స్టాంపు అయిపోయినా ఫర్వాలేదు, మళ్లీ బయటికెళ్లి వచ్చేటప్పుడే దానితో పని. ఐ-94 గడువు దాటితే మాత్రం ఆ మర్నాటి నుంచే అనుమతి లేకుండా ఉన్న రోజుల లెక్క మొదలవుతుంది. 180 రోజులు మించి అలా ఉండిపోయి వెళ్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకుమించి ఉంటే పదేళ్లు తిరిగి రానివ్వరు.

2013లో విమానాల్లో వచ్చేవాళ్లకి పాస్‌పోర్టులో కుట్టి ఇచ్చే ఆ తెల్లకాగితం తీసేశారు. ఇప్పుడు మనమే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. పైసా ఖర్చు లేదు. ఇది చూడ్డానికి డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది గవర్నమెంటుది కాదు, మూసేయండి. పేరు, పుట్టినరోజు, పాస్‌పోర్టు నంబరు కొడితే వస్తుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో పడ్డవాళ్లు మనలో చాలామంది. రికార్డు దొరకలేదని వస్తే, ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని, లాస్ట్ నేమ్ దగ్గర మీ పేరంతా కొట్టి చూడండి. వీసా మీద కూడా అలాగే పడి ఉంటుంది. తేదీ చదివేటప్పుడు ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత అని గుర్తుపెట్టుకోండి.

దేశంలో ఉండగానే హెచ్-1బి పొడిగింపు వస్తే, ఐ-797ఏ అనే అప్రూవల్ నోటీసు అడుగున చింపుకునేలా కొత్త ఐ-94 ఉంటుంది. అప్పుడు అది చెల్లుతుంది. ఆ తర్వాత బయటికెళ్లి వస్తే మళ్లీ ఎయిర్‌పోర్టులో ఇచ్చిందే లెక్క. అన్నిటికంటే ఆఖరున వచ్చిన కాగితానిదే మాట, ఎక్కువ తేదీ ఉన్నదానిది కాదు.

చదువుకోడానికి ఎఫ్-1 మీద వచ్చిన పిల్లలకి ఇన్నాళ్లూ ఐ-94 మీద తేదీ బదులు డి/ఎస్ అని వస్తోంది. కాలేజీ ఇచ్చే ఐ-20 సరిగ్గా ఉన్నంతకాలం ఉండొచ్చని దానర్థం. 2025 ఆగస్టులో దాన్ని తీసేసి తేదీ వేస్తామని ప్రభుత్వం ప్రతిపాదించింది కాబట్టి, సీనియర్ చెప్పాడని ఊరుకోకుండా మీ దాంట్లో ఏముందో మీరే చూడండి. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని. బయట క్యాష్ మీద పని ఎవరిప్పిస్తామన్నా ఒప్పుకోకండి బాబూ, అద్దె ఎంత మీదపడుతున్నా సరే. ఆ వందల డాలర్ల కోసం ఇంట్లోవాళ్లు లోను తీసి కట్టిన చదువే పోతుంది. చదివినదానికి సంబంధించిన పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీకి ఇంకో 24. మొదటి ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం మీద 90 రోజులు మించకూడదు. ఉద్యోగం దొరికిన రోజే కాలేజీలో విదేశీ విద్యార్థుల సంగతులు చూసే డీఎస్‌ఓకి చెప్పండి, నోటితో కాదు, ఈమెయిల్‌లో.

హెచ్-1బి గురించి అందరికీ తెలిసిందే: ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి మరో 20,000, మార్చిలో రిజిస్ట్రేషన్, అక్టోబర్ 1 నుంచి పని, మామూలుగా ఆరేళ్లు గరిష్ఠం. ఉద్యోగం పోతే 60 రోజుల వ్యవధి ఉంటుంది, ఐ-94 అంతకంటే ముందే అయిపోతే అప్పటిదాకానే. ఇక్కడ కూడా అదే తేదీ.

అమ్మానాన్నల సంగతి వేరుగా చెప్పాలి. పదేళ్ల విజిటర్ వీసా చూసి ఊళ్లో అందరికీ పదేళ్లని చెప్పుకుంటారు పాపం. వచ్చిన ప్రతిసారీ మామూలుగా ఆరు నెలలే ఇస్తారు. డెలివరీ అటూఇటూ అయి ఇంకా ఉండాల్సి వస్తే ఆ తేదీ లోపలే గడువు పొడిగించమని అడిగే ఐ-539 ఫారం పంపాలి. ఒక్కరోజు దాటినా ఆ పదేళ్ల స్టాంపు చెల్లకుండా పోతుంది.

నా విషయంలో చేసిందీ ఐ-539తోనే. ఆ వారంలోనే పాస్‌పోర్టు రెన్యువల్‌కి పెట్టి, ఫారం కూడా పంపేశాం. గడువు లోపల చేరింది గనక జవాబు వచ్చేదాకా ఉండనిచ్చారు, రావడానికి నెలలు పట్టింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లయితే పొడిగింపు కంపెనీ వేయాలి, కాబట్టి ఆ రోజే హెచ్ఆర్‌కి రాయండి. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చాక దేశం దాటి తిరిగొస్తే కొత్త ఐ-94 వస్తుంది గానీ, స్టాంపింగ్ అప్పటికి ఉండాలి. ఏ దారి పట్టాలన్నది లాయర్‌ని అడిగి తేల్చుకోండి. ఆ లాయర్‌కి లైసెన్స్ ఉందో లేదో స్టేట్ బార్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. వాట్సాప్ గ్రూపులో నాకు అరగంటలో పదకొండు సలహాలొచ్చాయి, అందులో మూడు పాటిస్తే నేను మునిగేదాన్ని.

ఇల్లు మారితే పది రోజుల్లో అడ్రస్ మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం ఆన్‌లైన్‌లో పెట్టాలని కూడా చాలామందికి తెలీదు. విద్యార్థులైతే డీఎస్‌ఓ దగ్గర మార్పించుకోవాలి.

ఇప్పుడు ఏ ప్రయాణం నుంచి వచ్చినా లగేజీ బెల్టు దగ్గరే నిలబడి ఇంట్లో నలుగురి ఐ-94లూ ఒక్కొక్కటే తెరుస్తాను. ఎవరిది వాళ్లదే, పిల్లలవి కూడా. పోయినసారి మా చిన్నవాడి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఎయిర్‌పోర్టులోనే ఉన్న డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి వెళ్లి పాస్‌పోర్టు చూపిస్తే దిద్ది ఇచ్చారు. నాలుగూ పీడీఎఫ్‌లుగా దాచి, ఒక్కొక్క తేదీకి ఆరు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టాకే ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చాం.