ఆనర్స్‌లో సీటొచ్చిందని సంబరపడుతున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి

పోయిన వారం మా పక్క ఊరి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. అమెరికాలో బీఎస్ డిగ్రీలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. "అన్నా, నన్ను ఆనర్స్‌లో ప్రొబేషన్ మీద పెట్టామని మెయిల్ వచ్చింది, జీపీఏ చూస్తే నాలుగుకి 3.7 ఉంది, వీళ్ళే ఏదో పొరపాటు చేసినట్టున్నారు" అన్నాడు. పొరపాటేం కాదు. వచ్చినప్పటి నుంచి ఆనర్స్ కింద లెక్కకొచ్చే క్రెడిట్ ఒక్కటీ చెయ్యలేదు వాడు. మార్కులొస్తే ఆనర్స్ దానంతటదే వస్తుందనుకున్నాడు. నాలుగు తిడదామని నోటిదాకా వచ్చింది గానీ, నేనూ ఇక్కడ దిగినప్పుడు అచ్చం ఇలాగే అనుకున్నానని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మన బీటెక్‌లో ఆనర్స్ అంటే మామూలు డిగ్రీ మీద ఇంకో 18, 20 క్రెడిట్లు అదనంగా చెయ్యడం. ఇక్కడ అలా కాదు. డిగ్రీకి దాదాపు 120 క్రెడిట్లుంటే, అందులోనే కొన్ని ఆనర్స్ పద్ధతిలో చెయ్యాలి. ఎన్ని అనేది ఒక్కో యూనివర్సిటీది ఒక్కో లెక్క. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలోని బారెట్ ఆనర్స్ కాలేజీలో మొదటి ఏడాదే చేరినవాళ్ళకి 36. ఇంకో మాట, డిగ్రీ మీద పడే 'సుమ్మా కమ్ లౌడే' లాంటి లాటిన్ బిరుదులు వేరు, అవి చాలా చోట్ల జీపీఏని బట్టి వస్తాయి, ఆనర్స్‌లో లేనివాళ్ళకీ రావచ్చు. సెమిస్టర్లో మంచి గ్రేడ్లొచ్చినవాళ్ళ పేర్లు వేసే డీన్స్ లిస్ట్ ఇంకా వేరు. డబ్బు కట్టి చేరమని మెయిల్స్ పంపే 'ఆనర్ సొసైటీ'లు మరీ వేరు. మొదటి సెమిస్టర్లో అలాంటిదానికొకదానికి డబ్బు కట్టేశాను, మా నాన్న ఆ సర్టిఫికెట్ ఫోటోని బంధువుల గ్రూపులో పెట్టి శుభాకాంక్షలు కూడా అందుకున్నాడు, అది ఎందుకూ పనికిరాదని ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

హాస్టల్, మీల్ ప్లాన్, ఆనర్స్ ఫీజు ఉందా లేదా, ఇవన్నీ వెబ్‌సైట్లో ఉంటాయి, చదువుకో. లాభాల్లో నా లెక్కలో అసలైనది ఒక్కటే: చాలా చోట్ల ఆనర్స్ వాళ్ళకి రిజిస్ట్రేషన్ ముందు తెరుస్తారు. కంప్యూటర్ సైన్స్ క్లాసులు గంటల్లో నిండిపోయే చోట దాని విలువేంటో రెండో సెమిస్టర్‌కి నీకే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఆనర్స్ క్రెడిట్లు వచ్చే దారులు ప్రధానంగా మూడు. ఇరవై మంది లోపు కూర్చుని మాట్లాడుకునే సెమినార్లు, మామూలు క్లాసుని ఆనర్స్‌గా మార్చుకునే కాంట్రాక్ట్, చివర్లో థీసిస్. మూడింటికీ ఒక ప్రొఫెసర్‌కి నువ్వెవరో తెలిసుండాలి. మార్కుల షీటుతో పని జరగదు. పుట్టుకలోనే ఈ పద్ధతి అలాంటిది. పెన్సిల్వేనియాలోని స్వార్థ్‌మోర్ కాలేజీలో 1922లో ఫ్రాంక్ ఐడెలాట్ అనే ప్రెసిడెంట్, తను ఆక్స్‌ఫర్డ్‌లో చదివినప్పుడు చూసినదాన్ని ఇక్కడికి తెచ్చాడు: కొద్దిమంది పిల్లలు ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని వాదించుకోవడం, చివర్లో బయటి కాలేజీల వాళ్ళొచ్చి వైవా చెయ్యడం. అక్కడ ఇప్పటికీ బయటివాళ్ళే వస్తారు. అంటే చివరి బెంచీలో నోరు మూసుకుని కూర్చుని టాప్ మార్కులు తెచ్చుకునే మన విద్య ఇక్కడ పని చెయ్యదు. సెమినార్లో నోరు విప్పినందుకే గ్రేడ్‌లో వాటా ఉంటుంది. నాకు మొదటి సెమినార్లో బి మైనస్ వచ్చింది, రాసిన పేపర్లన్నిటికీ ఎ వచ్చాక కూడా.

కాంట్రాక్ట్ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు, ఎందుకంటే నేను మునిగింది అక్కడే. నువ్వు తీసుకున్న మామూలు క్లాసులో ప్రొఫెసర్ని అడిగి, అదనంగా ఒక పేపరో ప్రాజెక్టో చేస్తానని ఒప్పుకుని, ఫారం మీద ఆ ప్రొఫెసర్ ఆమోదం తీసుకుంటే అది ఆనర్స్ క్రెడిట్ అవుతుంది. సెమిస్టర్ మొదలైన కొద్ది వారాల్లోనే ఆ ఫారం గడువు ముగుస్తుంది. సెమిస్టర్ చివర్లో గుర్తొచ్చి బతిమాలితే కుదరదు. నేను మొదట మెయిల్ పెట్టాను, "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి, మా ప్రొఫెసరమ్మకి. జవాబు రాలేదు. ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళాను. తలుపు సగం తెరిచే ఉంది, లోపల ఇంకో కుర్రాడు కాళ్ళు చాపుకుని కూర్చుని ఏదో చెప్పి నవ్వుతున్నాడు, ఆవిడా నవ్వుతోంది. బయట గోడకి అంటించిన పాత కాన్ఫరెన్స్ పోస్టర్ని అక్షరం వదలకుండా రెండుసార్లు చదివాను. వాడు బయటికొచ్చి "యు ఆర్ నెక్స్ట్" అన్నాడు. నేను "నో నో" అని మెట్లు దిగి వెళ్ళిపోయాను. ఆ శుక్రవారమే గడువు.

ఎందుకు పారిపోయానంటే, మన దగ్గర స్టాఫ్ రూముకి పిలిచారంటే తిట్టడానికే. ఆ భయం విమానంలో మనతో పాటే వస్తుంది, లగేజీ చార్జీ కూడా ఉండదు దానికి. ఇక్కడ ఆఫీస్ అవర్స్ అంటే నీ కోసం ఆ మనిషి ఖాళీగా కూర్చునే సమయం. డౌటు లేకపోయినా వెళ్ళొచ్చు. ఏం మాట్లాడాలి అంటావా? పేరు చెప్పు, ఏ క్లాసో చెప్పు, పోయిన లెక్చర్లో అర్థం కాని ఒక్క ముక్క అడుగు, లేచి వచ్చెయ్. రెండోసారి వెళ్ళినప్పుడు కాంట్రాక్ట్ మాటెత్తు. మొదటి రెండు వారాల్లోనే వెళ్ళు బాబూ, దండం పెడతాను.

థీసిస్ కూడా ఇదే కథ, కాకపోతే పెద్దది. నాలుగో ఏడాది గైడ్ కోసం వెతికితే మంచివాళ్ళ దగ్గర చోటుండదు, రెండో ఏడాదే ల్యాబుల్లో తిరగాలి. మనుషుల మీద సర్వే చేసే ఆలోచనుంటే ముందు ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనలని పరిశీలించే యూనివర్సిటీ కమిటీ) అనుమతి తీసుకో, ముందే ఫ్రెండ్స్‌కి ఫారం పంపి పోగేసిన జవాబులు థీసిస్‌లో వాడుకోలేవు.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఒక్క హెచ్చరిక. ఆనర్స్ సెమినార్ కష్టంగా ఉందని డ్రాప్ కొట్టే ముందు 12 క్రెడిట్ల కిందికి పోతున్నావేమో చూసుకో. ఇంటర్నేషనల్ ఆఫీసులో అడక్కుండా ఆ గీత దాటితే అది ఆనర్స్ గొడవ కాదు, వీసా గొడవ.

సరే, ఇంత భయపెట్టాక ఒక నిజం కూడా చెప్పాలి కదా. ప్రొబేషన్ అంటే తీసేయడం కాదు, సరిచేసుకోమని టైమివ్వడం. నాకూ అదే మెయిల్ వచ్చింది, మూడు రోజులు అన్నం సహించలేదు. తర్వాతి సెమిస్టర్లో రెండు కాంట్రాక్టులు చేసి గట్టెక్కాను. గట్టెక్కకపోయినా కొంప మునగదు: స్కాలర్‌షిప్ ఏమైనా దానికి ముడిపడి ఉందేమో చూసుకో, అంతే, డిగ్రీ మాత్రం మామూలుగా వస్తుంది. నా రూమ్మేట్ రెండో ఏడాదిలోనే ఆనర్స్ వదిలేశాడు, ఇంటర్వ్యూల్లో ఒక్కరూ దాని గురించి అడగలేదట.

ఆ కుర్రాడికీ ఇదే చెప్పాను. నిన్న మెసేజ్ పెట్టాడు: "ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాను అన్నా, ఆవిడ లేదు." వాడు వెళ్ళింది మంగళవారం, ఆవిడ ఆఫీస్ అవర్స్ బుధ, శుక్రవారాలు. సిలబస్ మొదటి పేజీలోనే ఉంటుందిరా అది.