డాలస్‌లో తొలి పెరటి తోట: కొత్తగా వచ్చినవారికి

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు కొత్తగా ఇల్లు తీసుకున్న మనవాళ్లు మొదటి వేసవిలో తరచుగా అడిగే మాట ఒకటుంది: "టమాటా మొక్క ఏపుగా పెరిగింది, పూత వస్తోంది, రాలిపోతోంది. ఏం ఎరువు వేయాలి?" లోపం ఎరువులో లేదండీ, నాటిన నెలలో ఉంది. మొదటి ఏడాది నేనూ మే చివర్లో నారు తెచ్చి నాటాను, ఒక్క కాయ కూడా చూడలేదు. రాత్రి వేడి 75 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే దిగకపోతే టమాటా పూత సరిగా పిందె కట్టదు. ఇక్కడ జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా చాలా రాత్రులు అలాగే ఉంటాయి.

మన ఊళ్లో తొలకరి చూసి విత్తనం వేస్తాం. ఇక్కడ తొలకరి లేదు. చూసుకోవాల్సింది గడ్డకట్టే చలిని. అది సగటున మార్చి నడుమ వెళ్లిపోయి, నవంబరు మూడో నాలుగో వారంలో మళ్లీ వస్తుంది. తేదీలు గుర్తుండకపోతే మన పండగలు పెట్టుకోండి. టమాటా, మిరప నారు ఉగాదికి అటూ ఇటూ నేలలో పడాలి. చలి హెచ్చరిక వస్తే ఆ రాత్రికి దుప్పటి కప్పితే చాలు. వంగ, బెండ, గోంగూర, తోటకూర, బీర, సొర ఏప్రిల్‌లో, నేల బాగా వెచ్చబడ్డాక. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి దసరా రోజుల్లో. కొత్తిమీర మే నెలలో చల్లితే నాలుగు ఆకులు రాకముందే పూతకు పోతుంది.

ఇక మట్టి. మీ పచ్చగడ్డి కింద ఉన్నది మనకు తెలిసిన నేలే, నల్లరేగడి. ఈ ప్రాంతాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు, ఒకప్పుడు ఇక్కడంతా పత్తి పండేది. తడిస్తే జిగురు, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు. సున్నం పాలు ఎక్కువ. పైగా ఇళ్లు కట్టేటప్పుడు బండ్లు తిరిగి నేల గట్టిపడిపోయి ఉంటుంది. కాబట్టి మొదటి ఏడాది తవ్వే కష్టం పెట్టుకోకండి. దేవదారు పలకలతో 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడి ఒక్కటి కట్టుకోండి. దానికి 32 ఘనపుటడుగుల మట్టి పడుతుంది, అంటే ఒకటిన్నర ఘనపుటడుగుల సంచులు 21 లేదా 22. ముందే లెక్క తెలిస్తే ఖర్చు చూసి కంగారు ఉండదు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ తగిలే చోటు చూడండి, ఇంటి గోడకు ఆనించకండి. పందిరికి గుంజలు పాతాలంటే కొన్ని రోజుల ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లకు ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. మీ స్ప్రింక్లర్ పైపులను మాత్రం వాళ్లు చూపించరు, అవి మీరే వెతుక్కోవాలి. పందిరి కంచె మీదుగా బయటికి కనిపిస్తుందంటే హెచ్‌ఓఏ (మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు ఒకసారి చదవండి. అపార్ట్‌మెంట్ వాళ్లు 5 గ్యాలన్ల బకెట్‌కు అడుగున చిల్లులు పెట్టి మిరప, గోంగూర నిశ్చింతగా పెంచుకోవచ్చు.

విత్తనాలు ఇండియా నుంచి సూట్‌కేసులో వేసుకుని రాకండి. తెగుళ్లు, పురుగులు లేవని ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా తెస్తే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. చెప్పకుండా దాస్తే జరిమానా. వసంతంలో మన సరుకుల దుకాణాల్లోనే నారు దొరుకుతుంది. కరివేపాకు విషయంలో ఇంకా జాగ్రత్త. నిమ్మ, నారింజ తోటలను చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఆ తెగులు 2012లో టెక్సస్‌లో బయటపడింది. వేరే రాష్ట్రం నుంచి స్నేహితులు ప్రేమగా మొక్క పంపిస్తామన్నా వద్దనండి, ఇక్కడి నర్సరీలో కొనండి. కుండీలోనే ఉంచి, చలి రాత్రులు మొదలయ్యేసరికి ఇంట్లోకి తెచ్చుకోండి.

నీళ్లు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గర, లోతుగా పెట్టండి. పైన రెండు మూడు అంగుళాల మల్చ్ (ఎండుటాకులు, చెక్కపేళ్ల లాంటి కప్పు) పరిస్తే జూలై ఎండకు నేల తట్టుకుంటుంది. స్ప్రింక్లర్ ఏ రోజు వాడవచ్చో మీ సిటీ చెబుతుంది.

సొరకు పిందెలు పడి కుళ్లిపోతుంటే టెన్షన్ పడకండి. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వేళకు తేనెటీగలు ఉండవు. మగ పువ్వు కోసి, కింద చిన్న పిందె ఉన్న ఆడ పువ్వుకు మీరే అద్దండి. నాలుగైదు రోజుల్లో పిందె సాగడం కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్లకివ్వండి, ఎంతో ఇష్టంగా చేస్తారు.

చిక్కుడు గురించి తప్పకుండా చెప్పాలి. ఏప్రిల్‌లో వేస్తే తీగ వేసవంతా కంచె నిండా పాకుతుంది, ఒక్క పువ్వు ఉండదు. చాలామంది విసిగి ఆగస్టులో పీకేస్తారు. దయచేసి పీకకండి. మన పాత చిక్కుడు రకాలు పగలు తగ్గితేనే పూస్తాయి. సెప్టెంబరు దాటాక గుత్తులు వస్తాయి, అక్టోబరు, నవంబరులో చేతి నిండా కాయలు. మొదటి గడ్డకట్టే రాత్రి వస్తోందని ఫోన్‌లో కనిపించిన సాయంత్రం, చిక్కుళ్లతో పాటు గోంగూర కూడా మొత్తం కోసేయండి. తెల్లారేసరికి ఆకు నల్లబడిపోతుంది.